సువర్చల వాహినికి ఎదురుచదువు

రేవతి కార్తె, ఉగాది మర్నాడు

గురువుగా దిగిపోయే ఏడాది దినచర్య రాసి తీరాలని మా విద్యాసభ నియమం. ముప్పై ఏళ్ళుగా సముద్రం గురించి పేజీలకు పేజీలు రాసినదాన్ని, నా గురించి రాయమనేసరికి చెయ్యి ఆడటం లేదు. నియమం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు.

నా పేరు మైలపల్లి సువర్చల. నీలాద్రిపేట అనే తేలే ఊరికి జలశాస్త్రిని. నిన్న పొద్దున్న ఊరి నడుమ పెద్ద డెక్కుమీద నా చివరి జల పంచాంగం చదివాను. ఏ కార్తెలో నీరు ఎటు సాగుతుంది, ఊరు ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగి వల వెయ్యాలి, ఎక్కడ పొరపాటున కూడా ఆగకూడదు, అన్నీ చెప్పాను. బంగాళాఖాతంలో తేలే ఊళ్ళన్నిటిలోనూ నిన్న చదివింది నా పంచాంగమే. ఆ ఊళ్ళలో నా దగ్గర చదువుకోని జలశాస్త్రి ఒక్కరూ లేరు. సుమత్రా వైపు వాళ్ళయితే నా గ్రంథాన్ని తమ భాషలోకి మార్చుకుని, అట్టమీద నా బొమ్మ కూడా వేశారు. ముక్కు కొంచెం లావుగా వచ్చింది. అయినా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూనే ఉన్నాను.

నన్ను ఇంతగా నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఒక్కటే. చిత్త కార్తె వచ్చిందంటే ఈ అఖాతంలో తుపాన్లు లేస్తాయి. ఊరంత బరువును తోసే ఇంజన్లు ఎవరి దగ్గరా లేవు. ఊరి అడుగునుంచి లోతుకి పెద్ద తెర దించి, ఏదో ఒక ప్రవాహాన్ని పట్టుకుని పోవలసిందే. నా చిన్నప్పుడు ఏటా ఒకటో రెండో ఊళ్ళు తుపానుకి ముక్కలయ్యేవి. మా అమ్మ పుట్టిన ఊరు అలాగే పోయింది. తర్వాత నేను ఒక అంతర్వాహినిని కనిపెట్టాను. హస్త కార్తెలో అఖాతం నడుమ నుంచి నైరుతికి పారుతుంది. పైనీరు కదలదు, అడుగున మాత్రం ఏరు సాగుతుంది. దాన్ని పట్టుకుంటే చిత్త ముదరకముందే శ్రీలంక దిగువన ఉండే నెమ్మది నీళ్ళలోకి చేరిపోతాం. దానికి విద్యాసభ సువర్చల వాహిని అని పేరు పెట్టింది. అప్పటినుంచి ఒక్క ఊరు కూడా పోలేదు.

ఇక ఎదురుచదువు సంగతి. గురువు దిగిపోయే ఏడాది, ఆమె శిష్యుల్లో మెరికలాంటి మనిషిని ఎంచి, గురువు చెప్పిందంతా తప్పని నిరూపించమంటారు. ఏడాది తిరిగాక నిలిచింది పంచాంగంలో ఉంటుంది. నిలవనిది పేరుతో సహా పోతుంది. ఈలోగా శిష్యురాలు అడిగిన పరికరమల్లా గురువు ఇవ్వాలి, అడిగినదానికి నిజం చెప్పాలి, ఏం తేలిందని మాత్రం అడగకూడదు. ఆమె కూడా ఉగాది దాకా పెదవి విప్పకూడదు.

నాకు ఎదురు చదివే మనిషి కొవిరి సత్యవేణి. ముప్పై దాటింది. పదేళ్ళుగా నా దగ్గర ఉంది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. నిన్న పంచాంగం అయ్యాక ఆమెకు తాంబూలం ఇచ్చి, "మొహమాటపడకుండా చదువు తల్లీ" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

రోహిణి కార్తె

ఈ వారం తెర గీకుడు వంతు మా వీధిది. తెరను పైకి చుట్టి, దానికి అంటుకున్న గుల్లలూ నాచూ గీకి పారెయ్యాలి. జలశాస్త్రయినా, ఊరిని నడిపే సరంగయినా వంతు తప్పదు. ఎండకి వీపు మాడిపోతోంది. సత్యవేణి నా పక్కనే కూర్చుని గీకుతోంది. పక్కన ఆమె ఉండగా ఏం తేలిందని అడగకుండా ఉండటం తెర గీకడం కన్నా కష్టంగా ఉంది.

ఆమే నోరు విప్పింది. "మేడమ్, మనం వాడేసిన చల్లనీళ్ళు ఏ లోతులో వదుల్తాం?"

సముద్రం అడుగునుంచి చల్లనీళ్ళు తోడే గొట్టం ప్రతి ఊరికీ ప్రాణం. ఆ చలవతోనే కరెంటు పుడుతుంది, చేపలు పాడవకుండా ఉంటాయి, ఇళ్ళు చల్లగా ఉంటాయి. వాడేసిన నీళ్ళని ఇంకో గొట్టంలోంచి మళ్ళీ సముద్రంలోకే పంపేస్తాం. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

"తెర దిగే లోతులోనే" అన్నాను. "పైన వదిలితే చేపపిల్లలు చస్తాయి. మరీ కింద వదిలితే వాడేసిన నీళ్ళే మళ్ళీ తోడుకుంటాం. ఎందుకూ?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మనిషివైతే నీకు తాంబూలం ఇచ్చేదాన్నే కాదు."

ఆమె ఒక గుల్లను ఊడబీకి నీళ్ళలోకి విసిరింది. "అన్ని ఊళ్ళూ అదే లోతులో వదుల్తాయా మేడమ్?"

"నేనే వదలమన్నాను. జాతరకొచ్చే ఊళ్ళు ముందునుంచీ అక్కడే వదిలేవి. వాహిని కనిపెట్టిన మూడో ఏడు మిగతా ఊళ్ళకీ చెప్పాను. నా గ్రంథంలోనే ఉంది, చదువుకో."

"చదివాను" అంది. మళ్ళీ గీకడంలో పడిపోయింది.

నా వాహిని జోలికి వెళ్ళకుండా వాడేసిన నీటి గొట్టాల వెంట పడిందేమిటా అని జాలేసింది. ఎదురు చదవడానికి ఏమీ దొరకనట్టుంది పాపం.

ఆరుద్ర కార్తె

మధ్యాహ్నం పోలారావు వచ్చాడు. మా ఊరి సరంగు, నా తమ్ముడు. అక్కనని నన్ను అప్పా అంటాడు. ఊరిని నడిపించేది వాడే. ఎండునెత్తళ్ళ పులుసు వండానని ఎలా తెలుస్తుందో, వండిన రోజునే వస్తాడు. రెండుసార్లు వడ్డించుకున్నాక అసలు మాట చెప్పాడు.

"అప్పా, తూర్పూళ్ళోళ్ళు ఈయేడు జాతరకి రారట."

"ఏం?"

"అండమాను ఓర రాతిగోడ కట్టీసినారట. తుపానొచ్చినా ఆ ఎనకాలుంటే బెంగ నేదంట. మరింక కదిలి రావడం దేనికని కూకున్నారు."

గంగమ్మ జాతరంటే ఊళ్ళన్నీ కలిసే సంబరం. మఖ వెళ్ళాక అఖాతం నడుమకి చేరి, తాళ్ళతో ఒకదానికొకటి కట్టుకుని, హస్త దాకా అక్కడే ఉంటాం. పెళ్ళిసంబంధాలు, కొత్త వలలు, పాత తగాదాలు అన్నీ అక్కడే తేల్చుకుంటాం. మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. మొదట్లో ఏ అయిదారు ఊళ్ళో కలిసేవట. నా వాహిని పుణ్యమా అని ఇప్పుడు అన్నీ వస్తున్నాయి.

"రాకపోతే మానేశారు. వాహినిలో తొక్కిడి తగ్గుతుంది" అన్నాను.

"నీకలాగే ఉంతాది. ఆ ఏపు సంబంధాలు ఒప్పుకున్నోళ్ళు మా సరంగు గదికొచ్చి ఏడుస్తన్నారు. ఆళ్ళకి నానేటి సెప్పీది?"

అప్పుడే సత్యవేణి ఉష్ణమాపకం తిరిగి ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చింది. మా మాటలు విన్నట్టుంది. "ఎన్ని ఊళ్ళు రావట్లేదు బాబూ?" అని పోలారావుని అడిగింది.

"సగం మించే ఉంతాయమ్మా."

ఆమె మొహం పాలిపోయింది. ఉష్ణమాపకం అరుగుమీద పెట్టి, వస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆమెకూ అటువైపు ఏదైనా సంబంధం కుదిరిందేమో అన్నాడు పోలారావు. నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళ నుంచి పక్కవీధిలో ఉంటున్న పిల్ల, నాకు చెప్పకుండా సంబంధం ఎలా కుదుర్చుకుంటుంది.

పుష్యమి కార్తె

సత్యవేణి సర్వే పడవ అడిగింది. జాతర చోటుకి, ఊళ్ళు చేరకముందే వెళ్తుందట.

"ఇప్పుడక్కడ ఏముంటుంది?" అన్నాను.

"ఏముంటుందో ఎవరూ చూడలేదు కదా మేడమ్."

నిజమే. ఊరు ఎక్కడుంటే మా పరికరాలు అక్కడే. గాలులు ఇంత జోరుగా ఉన్నప్పుడు చిన్న పడవ వేసుకుని అఖాతం నడుమకి ఎవరు పోతారు? చూడవలసిన అవసరమూ రాలేదు. పుష్యమి నాటికే ఉత్తరం నుంచి చల్లటి నీటిపొర వచ్చి అక్కడ పోగుపడుతుందని, అదే హస్తలో వాహినిగా సాగుతుందని నా సిద్ధాంతం. జాతరకు వెళ్ళిన ప్రతిసారీ ఆ పొర కనిపిస్తూనే ఉంది.

అడిగింది ఇవ్వకపోతే నియమం ఒప్పుకోదు. పడవతో పాటు చింతకాయ పచ్చడి, ఎండుచేపలు కూడా ఇచ్చాను. ఆమె వెళ్ళిన దగ్గర్నుంచి గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, డెక్కుమీదకి వెళ్ళి నిలబడుతున్నాను. నన్ను తప్పుపట్టడానికి వెళ్ళిన మనిషి క్షేమంగా రావాలని గంగమ్మకి మొక్కుకున్న గురువుని నేనొక్కదాన్నే అయుంటాను.

మఖ కార్తె

ఈ మధ్యాహ్నం సత్యవేణి తిరిగి వచ్చింది. ఎండకి నల్లబడిపోయింది. స్నానం కూడా చెయ్యకుండా నేరుగా మా ఇంటికే వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"మేడమ్, నియమం తప్పుతున్నాను. తేలింది చెప్తాను."

"ఉగాది దాకా ఆగలేవా?"

"ఆగితే ఉగాదికి ఎవరం ఉంటామో తెలీదు మేడమ్."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"అక్కడ చల్లటి పొర లేదు. పైనుంచి కింద దాకా నాలుగు దిక్కులా తిరిగి చూశాను. ఆ లోతులో నీళ్ళు పక్కనెలా ఉన్నాయో అక్కడా అలాగే ఉన్నాయి."

"ఈ ఏడు ఆలస్యంగా వస్తుందేమో."

"నేనూ అదే అనుకున్నాను. అందుకే మనం దాచిన వాహిని నీళ్ళ సీసాలు వెంట ఉంటే, పడవలోనే మళ్ళీ పరీక్ష చేశాను. ఏ ఏటి నీళ్ళు చూసినా వాటిలో గొట్టం రంగు ఉంది మేడమ్."

చల్లనీటి గొట్టాల లోపల గుల్లలు పట్టకుండా ఒక నల్లరంగు పూస్తాం. కంటికి కనిపించనంత కొంచెం కొంచెంగా ఆ రంగు నీళ్ళలో కలుస్తుంది. నాకు ఆమె చెప్పబోయేది అప్పటికే అర్థమైంది. అయినా చెప్పించుకున్నాను.

"ఊళ్ళన్నీ నెల పైగా ఒకేచోట ఉండి, మీరు చెప్పిన లోతులోనే చల్లనీళ్ళు గుమ్మరిస్తున్నాయి. బరువైన నీళ్ళు పైకి రాలేవు, ఇంకా కిందకి పోలేవు. పోగుపడి పోగుపడి ఒక పక్కకి జారుతున్నాయి. భూమి తిరుగుడు వాటిని నైరుతికి వంచుతోంది. మీ వాహిని వచ్చే చోట మనం జాతర చెయ్యట్లేదు మేడమ్. మనం జాతర చేసిన చోట వాహిని పుడుతోంది."

నా వాహిని ఏటా బలపడుతోందని ఎన్ని సభల్లో గర్వంగా చెప్పుకున్నానో. బలపడక ఏం చేస్తుంది. నా మాట నమ్మి ఏటా ఇంకో రెండు ఊళ్ళు వచ్చి నీళ్ళు పోశాయి.

"ఈసారి సగం ఊళ్ళు రావట్లేదు" అంది సత్యవేణి. "తొలి ఏళ్ళలో ఊళ్ళు చిన్నవి, కొద్దిపాటి ఏరే మోసింది. ఇప్పటి బరువుకి చాలినంత వాహిని పుట్టదు. వచ్చిన ఊళ్ళన్నీ తెరలు దించుకుని అఖాతం నడుమ నిలబడి ఉంటాయి. చిత్తలో తుపాను వస్తుంది."

"బయటికి నడువు" అన్నాను.

ఆమె కదల్లేదు. "తిట్టండి మేడమ్. కానీ లెక్క చూశాక తిట్టండి." కాగితాలు బల్లమీద పెట్టి, అప్పుడు వెళ్ళింది.

మఖ కార్తె, చివరి రోజులు

తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ లెక్కల్లో తప్పు దొరకాలని పళ్ళు బిగబట్టి వెతికాను. నేను ఎక్కడ అనుమానిస్తానో ముందే ఊహించి, అక్కడ రెండుసార్లు కొలిచింది. మూడోసారి కొలిచి ఉండాల్సిందని గొణిగి పేజీ తిప్పితే, మూడోసారి కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. తన పని మీద ఇంత అనుమానంతో ఎలా చెయ్యాలో ఈ పిల్లకి నేర్పింది నేనే. అది గుర్తొచ్చాక ఏడుపొచ్చింది.

కరువుతీరా ఏడ్చాను. ముప్పై ఏళ్ళు. నా పేరు పెట్టుకున్న పిల్లలు ఊరికొకరున్నారు. అయితే ఏడుపు అయిపోయాక, మొహం కడుక్కుంటూ ఉండగా, లోపల ఇంకొకటి మొదలైంది. దాన్ని సంతోషమనే రాయాలి. అంతకన్నా వేరే మాట నాకు తోచడం లేదు. తడి మొహంతోనే సత్యవేణి ఇంటికి పోయాను. ఆమె బియ్యం కడుగుతోంది.

"లెక్క చూశాను. వాహిని లేదు. ఒప్పుకున్నాను" అన్నాను. "మరి ఇన్నేళ్ళూ మనల్ని మోసిందేమిటి?"

"మనం పోసిన నీళ్ళే మేడమ్."

"తెలియక పోస్తేనే అన్ని ఊళ్ళని మోసిందే. తెలిసి పోస్తే?"

ఆమె చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది.

"జాతరలో ఊళ్ళు గుంపుగా ఉంటాయి. సగం నీళ్ళు నాలుగు దిక్కులా చెదిరిపోతాయి. గుంపుగా కాకుండా, నైరుతి దిక్కుగా బారులు తీరితే? దీపాలూ చలవగదులూ అన్నీ ఆపేసి, ఉన్న బలమంతా తోడటానికే పెడితే?"

సత్యవేణి గిన్నె పక్కన పెట్టి చీరకు చేతులు తుడుచుకుంది. ఈ సాయంత్రమంతా ఇద్దరం ఆమె వంటింటి నేలమీద సుద్దతో లెక్కలు వేశాం. అన్నం మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. ఉగాది నుంచి ఆమె నవ్వగా చూడటం ఇవాళే.

పుబ్బ కార్తె

జాతరకి చేరాం. ఎప్పుడూ కనుచూపుమేరా ఊళ్ళే ఉండే చోట ఈసారి మధ్యమధ్య ఖాళీలు. గంగమ్మకి ఘటాలు ఎత్తారు, డప్పులు మోగాయి గాని ఎవరి మొహంలోనూ కళ లేదు.

సభకి వెళ్ళేముందు పోలారావు నన్ను పక్కకి లాగాడు. "అప్పా, నువ్వెల్లి వాహిని నేదని సెప్పీస్తే జనం బెదిరిపోతారు. ఉన్నాదనే సెప్పు. ఊరికే నీళ్ళొదలమను. పనీ అవుతాది, నీ పేరూ ఉంతాది. ఏటి పోయింది?"

నిజం రాస్తున్నాను, ఆ మాట నాకు తియ్యగానే వినిపించింది. 

"ఉన్నదని నమ్మితే దీపాలు ఆర్పుకుని ఉక్కలో ఎవరు కూర్చుంటారురా?" అన్నాను. "రెండు రోజులు తోడి, వాహిని ఎలాగూ వస్తుందిలే అని గొట్టాలు చలవగదులకి తిప్పేసుకుంటారు. లేదని తెలిస్తేనే తోడుతారు."

వాడు తల గోక్కున్నాడు. "నీ పేరు నువ్వే సెరుపుకుంటావా?"

"ఇంకెవరైనా చెరిపితే ఊరుకుంటానా?"

సభాడెక్కు గోడమీద అఖాతం పటం ఉంటుంది. ప్రవాహాలన్నీ రంగుల్లో గీసి, పక్కన పేర్లు రాసి ఉంటాయి. ఎదురుచదువులో ఓడిన పేరును గురువే తడిగుడ్డతో తుడవాలి. ఈసారికి ఉగాది దాకా ఆగక్కర్లేదని సభ ఒప్పుకుంది. సత్యవేణి తన లెక్క అంతా చదివాక, ఊళ్ళన్నీ చూస్తుండగా లేచి నా పేరు తుడిచాను. రంగు గట్టిది, తొందరగా పోలేదు. భుజం నొప్పి పుట్టేదాకా రుద్దాను. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గాని, చివరి అక్షరం పోయేసరికి సభలో ఎవరిమీదా నాకు కోపం లేదు, నామీద కూడా.

పక్క ఊరి సరంగు ఒకాయన లేచాడు. "ముప్పై ఏళ్ళు ఉన్నాదన్నారు. ఇప్పుడు నేదంటన్నారు. ఏటి సూసి మా గొట్టాలు మీ సేతికిచ్చీమంటారు?"

"మమ్మల్ని నమ్మి ఇవ్వొద్దు బాబూ" అంది సత్యవేణి. "మీ ఊరి జలశాస్త్రికి ఈ లెక్క ఇస్తున్నాను. తప్పు పట్టమనండి. పట్టలేకపోతేనే ఇవ్వండి."

ఊరూరి జలశాస్త్రులూ లెక్క పట్టుకుని కూర్చున్నారు. అందరూ నా చేతికింద నలిగినవాళ్ళే. ఒక్కొక్కరు ఒక్కొక్క చోట గిల్లి చూశారు. కేకలు, వాదాలు, ఒకరి కాగితం ఒకరు లాక్కోవడాలు. చివరికి అందరూ ఒక మాటమీదకి వచ్చారు. లెక్క సరైనదే. కానీ ఉన్న ఊళ్ళు ప్రాణం పెట్టి తోడినా నీళ్ళు చాలవు. అది నాకూ సత్యవేణికీ ముందే తెలుసు. వాళ్ళైనా మా లెక్క తప్పని తేలుస్తారేమోనని ఆశపడ్డాం.

ఉత్తర కార్తె

ప్రతి ఊరికీ తోడునావలుంటాయి. ఊరి గొట్టాన్ని శుభ్రం చేసే రోజుల్లో వాడుకోవడానికి, పెద్ద పంపూ గొట్టమూ ఉన్న నావలు. తూర్పు ఊళ్ళు రాకపోయినా వాళ్ళ తోడునావలు వస్తే లోటు తీరిపోతుంది. వాళ్ళ జలశాస్త్రి వీరభద్రం నా తొలి శిష్యుల్లో ఒకడు. అతనికి రేడియోలో లెక్కంతా పంపాం. బతిమాలుతూ ఒక్క మాట కూడా చేర్చలేదు. రాతిగోడ వెనక హాయిగా ఉన్నవాళ్ళు మాకోసం నావలు ఎందుకు పంపాలి? పోలారావు రోజూ వచ్చి, "ఆళ్ళ కాళ్ళు పట్టుకోవాల్సిందప్పా" అని నా చెవిలో పోరు పెట్టాడు. 

ఇవాళ పొద్దున్న జవాబు వచ్చింది. పలకరింపు లేదు, క్షేమసమాచారం లేదు. రేడియోలో వీరభద్రం గొంతు గరగరమంటూ వినిపించింది.

"మేడమ్, మీ ఇద్దరూ ఉప్పు లెక్క తప్పు వేశారు. వానాకాలం తర్వాత పైనీటిలో ఉప్పు అంత ఉండదు. మేం ఇక్కడ కొలిచి చూశాం. మీరనుకున్న లోతు కన్నా కొంచెం పైన వదలాలి. బారు కూడా ఇంకొంచెం పడమటికి తిప్పాలి. లేకపోతే సగం నీళ్ళు వృథా."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. సత్యవేణి సుద్ద అందుకుంది. అతను చెబుతూ ఉంటే వేసుకుంటూ పోయి, చివరికి నావైపు తిరిగి తల ఊపింది. అతను చెప్పిందే సరైనది.

"కోపం వచ్చిందా మేడమ్?" అన్నాడు వీరభద్రం.

"చాలా వచ్చింది. ఇంకా ఏమైనా తప్పులున్నాయా?"

"ఉన్నాయి. దారిలో చెప్తాం. తోడునావలు కట్టుకుని నిన్ననే బయల్దేరాం."

 నేను నేర్పిన పిల్లలు నా మొహం చూసి బయల్దేరలేదు. లెక్క చూసి, తప్పు దిద్ది, మిగిలింది నిజమని తేల్చుకుని బయల్దేరారు. సుమత్రా అట్టమీద బొమ్మ వేసిన రోజున కూడా నాకు ఇంత పొంగు రాలేదు. పోలారావుని పిలిచి ఎండునెత్తళ్ళ పులుసు వండి పెట్టాను. వాడికి ఎందుకో అర్థం కాకపోయినా తిన్నాడు.

హస్త కార్తె

బారు తీరాం. ఊరి వెనక ఊరు, ఊళ్ళ మధ్య తూర్పు తోడునావలు. దీపాలు లేవు, పంకాలు లేవు. చలవగదులు ఆపేసే ముందు ఉన్న చేపలన్నిటికీ ఉప్పు పట్టించాం. చేతులు పగిలి మంటపుడుతున్నాయి. ఉక్కకి పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్ళు నన్ను తిడుతున్నారు. నా గుమ్మం ముందు నిలబడే తిడుతున్నారు. తిట్టనీ. గొట్టాలు మాత్రం ఒక్కరూ తిప్పలేదు.

ఈశాన్యం నుంచి పొడుగాటి అలలు మొదలయ్యాయి. దూరంగా ఎక్కడో గాలి లేచిందని అర్థం. సముద్రంమీద పుట్టినవాళ్ళకి అది చెప్పనక్కర్లేదు. 

ఇవాళ తెల్లవారుతుండగా తెరలు దించాం. పోలారావు చక్రం దగ్గర, సత్యవేణి తెరతాళ్ళ దగ్గర, నేను మధ్యలో. తాళ్ళు నిటారుగా నీళ్ళలోకి దిగి అలాగే వేలాడుతున్నాయి. ఊరి జనమంతా వచ్చి నిలబడ్డారు. ఎండ ఎక్కింది. తాళ్ళు కదల్లేదు. పోలారావు నావైపు చూడటం మానేశాడు. ఎన్ని ఊళ్ళ ప్రాణాలు నా మాటమీద, ఈ పిల్ల లెక్కమీద వేలాడుతున్నాయో తలుచుకుని సత్యవేణి చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి నా చేతికన్నా చల్లగా ఉంది.

"లెక్క సరైనదేనా?" అన్నాను.

"సరైనదే మేడమ్. మీరే చూశారు కదా."

"నేను ముప్పై ఏళ్ళు తప్పు చూశాను."

"అందుకే మేం ఇంతమందిమి చూశాం" అంది.

అప్పుడు పడమటి పక్క తాడు కిర్రుమంది. నేను వినలేదు, పోలారావు విన్నాడు. వాడు తల తిప్పాడు. రెండో తాడు కూడా మూలిగింది. నిటారుగా ఉన్న తాళ్ళన్నీ నెమ్మదిగా నైరుతికి వాలాయి. కాళ్ళకింద డెక్కు ఒక్కసారి చిన్నగా తుళ్ళింది. మా వెనక వేలాడుతున్న ఊరగాయ జాడీల వరస ఒకదానికొకటి తగిలి గలగలమంది.

"పట్టీసింది" అన్నాడు పోలారావు. గట్టిగా కూడా అనలేదు.  "అప్పా, పట్టీసింది."

ముందున్న ఊరినుంచి డప్పు మోగింది. దాని ముందు ఊరినుంచి ఇంకొకటి. బారు పొడుగునా డప్పులు అందుకున్నాయి. జనం సత్యవేణిని భుజాలమీదకి ఎత్తుకున్నారు. మాట తక్కువ మనిషి, భయంతో ఎవరి జుట్టో పట్టుకుని కేకలేసింది. నేను మాత్రం డెక్కుమీద చతికిలబడి, పిచ్చిదానిలా నవ్వుతూ, అరచేతులు నేలకి ఆనించి, ఊరు కదులుతున్న సంగతి పదేపదే తడిమి చూసుకున్నాను.

చిత్త కార్తె

మా వెనక అఖాతంలో తుపాను లేచింది. రేడియోలో విన్నాం. జాతర జరిగిన చోటుమీదుగానే పోయిందట. అక్కడ ఎవరూ లేరు. తోడునావలు మాతోనే వచ్చేశాయి, తూర్పు ఊళ్ళు గోడ వెనక క్షేమంగా ఉన్నాయి. మేం నెమ్మది నీళ్ళలోకి దిగాం. దీపాలు వెలిగాయి. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. తోడునావల మీద వచ్చిన తూర్పు కుర్రాళ్ళకి మా ఊళ్ళో మర్యాదలు చూస్తుంటే ఏ సంబంధమూ చెడేలా లేదు.

సత్యవేణి గోడమీద తన పేరు రాయనివ్వలేదు. వీరభద్రం లోతు దిద్దాడు, ఊళ్ళు తోడాయి, ఎవరి పేరు రాస్తారు అని అడ్డుకుంది. విద్యాసభలో ఆ తగాదా ఇంకా నడుస్తోంది. నేను దాంట్లో వేలు పెట్టలేదు.

పొద్దున్న పోలారావు వచ్చాడు. పులుసు వండలేదు, అయినా వచ్చాడు. గుమ్మంలో నిలబడి సముద్రంకేసి చూశాడు. వాడు పుట్టినప్పటినుంచి సరంగు. మా నాన్నా సరంగే, ఆయన నాన్నా సరంగే. నీరు ఎటు తీసుకుపోతే అటు పోవడమే వాళ్ళందరికీ తెలిసిన విద్య.

"అప్పా" అన్నాడు, "మనం ఏ దిక్కుకి పోస్తే ఆ దిక్కుకే కదా నీరెల్లీది?"

"అవును."

"అయితే ఒచ్చీ ఏడు ఎటెల్దాం?"

ముప్పై ఏళ్ళలో సముద్రం గురించి నన్ను అడగని ప్రశ్న లేదు. దీన్ని ఎవరూ అడగలేదు. మా వంశంలో ఎవరికీ ఎవరినీ ఇలా అడిగే అవసరం రాలేదు. నా దగ్గర జవాబు లేదు. లేనందుకు ఒళ్ళంతా పులకరించింది.

"నేను దిగిపోయినదాన్ని. వెళ్ళి సత్యవేణిని అడుగు" అన్నాను.

వాడు చెప్పులు వేసుకునేలోపే, వాడిని తోసుకుని నేనే ముందు పరిగెత్తాను.